పదకొండు గంటల మంచం

మూడో మంచం ఖాళీ కావడానికి ఇంకా గంట పడుతుంది, పదకొండింటికి పిలుస్తాను, అంతదాకా కూర్చో దీదీ అని చెప్పి డయాలిసిస్ గది తలుపు మూసేసింది నర్సు. గంటంటే ఎంతసేపు. కాసులమ్మ గోడవారనున్న బెంచీ మీద కూర్చుని, ఎడమ చేతిని చంటిపిల్లని పెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుంది. ఆరు వారాల కిందట ఆ మణికట్టు దగ్గర కోసి, సూదులు దిగడానికి వీలుగా రెండు రక్తనాళాలను కలిపి కుట్టారు. అప్పటినుంచీ అక్కడ చర్మం కింద గరగరమని ఏదో తిరుగుతూనే ఉంది. అది ఆగిపోతే వెంటనే పరుగెత్తుకు రమ్మన్నాడు డాక్టరు. అందుకని రోజుకి పదిసార్లు వేలు పెట్టి చూసుకోవడం అలవాటైంది. ఇప్పుడూ చూసుకుంది, ఉంది, ఆగలేదు, ఆగిపోయినా బాగుండునని ఒక్క క్షణం అనిపించింది, ఛ, అనుకుంది. ఇవాళే మొదటిసారి. ఆ తలుపు దాటి లోపలికి వెళితే ఇక వారానికి మూడుసార్లు, సోమ, బుధ, శుక్రవారాలు, నాలుగేసి గంటలు, ఫెరార్గంజ్‌లో పొద్దున్నే బస్సెక్కి పోర్ట్‌బ్లెయిర్ రావడం, సాయంత్రం బస్సెక్కి పోవడం, ఆ మూడు రోజులూ అంగన్‌వాడీలో పిల్లలకి కిచిడీ ఎవరు వండుతారు, ఆయా ఒక్కతీ ఎలా నెట్టుకొస్తుంది, అది కాదు, అసలు సంగతి అది కాదు, అసలు సంగతిని మనసు ముట్టుకోకుండా చుట్టూ తిరుగుతోంది, పొయ్యి మీది గిన్నె చుట్టూ మసిగుడ్డ లేని చెయ్యి తిరిగినట్టు.

అసలు సంగతి కాళి. తన నాయనమ్మ పేరు కాళమ్మ అని పెడితే కాలేజీలో కాళిక అని మార్చుకుంది, ఇంట్లో మాత్రం కాళి. ఇరవై ఏళ్ళ పిల్ల, ఒక్కతే కూతురు. ఇప్పుడు కింద కౌంటర్లో ఫైలు మీద ముద్ర వేయించుకు రావడానికి వెళ్ళింది. పొద్దున బస్సులో కిటికీ పక్కన కూర్చుని, బయటకి చూస్తూ, గారాచర్మ దాటుతుండగా అంది, మమ్మీ, మేరా మ్యాచ్ హో గయా. కష్టమైన మాటలన్నీ ఆ పిల్ల హిందీలోనే చెబుతుంది, తెలుగు అన్నానికీ నిద్రకీ అలకకీ. ఏం మ్యాచయిందే అని అడిగింది కాసులమ్మ, తెలిసే అడిగింది. గ్రూపు కలిసింది, తక్కిన పరీక్షలు చెన్నైలో చేస్తారు, నా కిడ్నీ ఒకటి నీకు ఇస్తాను, బస్, అంతే. ముందు సీట్లో ఒకాయన తల సగం తిప్పి మళ్ళీ ముందుకి తిప్పుకున్నాడు. పిల్ల గొంతు ఎక్కడా వణకలేదు. అంత గట్టిగా చెప్పింది. బస్సు గతుకులో పడి లేచింది, కాసులమ్మ నోట్లో తుప్పు పట్టిన మేకు పెట్టుకున్నట్టు ఆ రుచి, మూడు నెలల నుంచీ ఏం తిన్నా అదే రుచి, అన్నం కూడా ఇనుములా ఉంటుంది.

బయట వాన కురుస్తోంది. జులై వాన, ఆగదు. వరండా చూరుకున్న గొట్టంలోంచి నీళ్ళు ధారగా కింద కాలువలో పడుతున్నాయి, ఆ చప్పుడు చెవిలో కాదు, గొంతులో వినిపిస్తోంది. రోజుకి అర లీటరు. కాళి సీసా మీద పెన్నుతో గీత గీసి ఇస్తుంది, గీత దాకానే, మాత్రలతో కలిపి అంతే. కొబ్బరినీళ్ళు తాగకూడదు. ఇంటి వెనక పదకొండు కొబ్బరి చెట్లున్నాయి, కాయలు రాలి ఎవరికీ పనికిరాకుండా మొలకలెత్తుతున్నాయి. అరటిపండు వద్దు. ఆకుకూర ఉడకబెట్టి నీళ్ళు పారబోసి తినాలి. ఉప్పు వద్దు. చుట్టూ ఉప్పు సముద్రం, నెత్తిన వాననీళ్ళు, మధ్యలో తను, పాదాలు వాచి, చెప్పు పట్టీ వదులు చేసుకుని, లోపల నీళ్ళు నిండిపోయి బయటికి పోయే దారి లేక, అయినా దాహం. ఇంత నీరు ఒంట్లో మోస్తూ దాహమేమిటో ఏ డాక్టరూ చెప్పలేదు. తాత సూరయ్య భీమిలి అవతల నుంచి ఓడెక్కి ఈ దీవులకి వచ్చినప్పుడు, దేశానికి స్వతంత్రం వచ్చిన కొత్తలో, మూడో రోజుకి ఓడలో మంచినీళ్ళు కొలిచి పోశారట. సముద్రం చూసి ఏడ్చిందట నాయనమ్మ. ఈ మాట అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో, అమ్మ పోయి కూడా ఐదేళ్ళు, అమ్మ ఉంటే ఇప్పుడు ఎవరి కాళ్ళు పట్టుకునేదో.

అమ్మ అప్పుడూ అందుకు సిద్ధపడింది. పన్నెండేళ్ళ కిందట. మొదట కళ్ళు పచ్చబడ్డాయి, పసర్లు తాగించారు, ఆరు వారాలు పసరు తాగింది కాసులమ్మ, పొట్ట ఉబ్బింది, రక్తం కక్కింది, చెన్నై తీసుకుపోతే లివర్ గట్టిపడి రాయి అయిపోయింది, మార్చడమొక్కటే దారి అన్నారు. కాళికి అప్పుడు ఎనిమిదేళ్ళు, రెండు జడలు. భర్త గణేశ్వరరావు నికోబారు వెళ్ళే ఓడ మీద పని, మనిషి మంచివాడే గాని ఒంట్లో చక్కెర జబ్బు, లివర్ ముక్క ఇవ్వడానికి పనికిరాడన్నారు. పనికొచ్చినవాడు తమ్ముడు మల్లేశు. ఇరవై ఆరేళ్ళవాడు, జంగ్లీఘాట్‌లో సొంత పడవ, పెళ్ళయి నాలుగు నెలలు, ఒంటి చేత్తో వల లాగేవాడు, అక్కని అప్పా అనేవాడు. ఆపరేషనుకి ముందు రోజు ఆసుపత్రి మంచం పక్కన నిలబడి, బల్లి తోకలాగ మళ్ళీ పెరుగుద్దంటప్పా, నువ్వు ఉత్తినే ఏడుస్తున్నావు, అన్నాడు నవ్వుతూ. పెరిగింది. ఇద్దరికీ పెరిగింది. వాడు ఇచ్చిన ముక్క ఆమె కడుపులో నిండు లివరయి కూర్చుంది. ఏ పరీక్ష చూసినా దానికి నూటికి నూరే, మొన్న కూడా చెన్నై డాక్టరు కాగితం చూసి, కుర్రవాడి లివర్‌లా ఉందమ్మా, అన్నాడు, అని, వెంటనే రెండో కాగితం తిప్పి మొహం మార్చుకున్నాడు.

రెండో కాగితంలో కిడ్నీలు. లివర్ మార్చినప్పటినుంచీ వేసుకునే మాత్ర పొద్దున ఎనిమిదింటికి, సాయంత్రం ఎనిమిదింటికి, పన్నెండేళ్ళలో ఒక్క పూట తప్పకూడదు. తప్పితే ఒళ్ళు ఆ లివర్‌ని పరాయిదని పట్టేసి తినేస్తుంది, తమ్ముడిదైనా సరే, ఒంటికి చుట్టరికాలు తెలియవు. పెళ్ళిళ్ళలో, బస్సుల్లో, తల్లి శవం పక్కన, ఎనిమిదయ్యేసరికి మాత్ర. ఆ మాత్రే లివర్‌ని కాపాడుతూ కాపాడుతూ కిడ్నీలని కొంచెం కొంచెంగా ఎండబెట్టింది. ఎవరి తప్పూ కాదు, అందరికీ కాదు, కొందరికి ఇలా అవుతుందన్నాడు డాక్టరు, మోతాదు తగ్గించి చూశాడు, వేరే మందు కలిపి చూశాడు, రక్తపరీక్షలో కిడ్నీల అంకె రెండయింది, మూడయింది, ఐదయింది, ఏడయింది. ఆ మధ్య మార్చిలో కాసులమ్మ ఎవరికీ చెప్పకుండా ఒక పని చేసింది. మాత్రలు మానేసింది. పొద్దున కాళి చూస్తుండగా నోట్లో వేసుకుని పెరట్లోకి వెళ్ళి ఉమ్మేసేది. తొమ్మిది రోజులు. మాత్ర కిడ్నీలని తింటుంటే మాత్ర మానేస్తే సరి కదా, పదో తరగతి చదివిన బుర్రకి తోచిన లెక్క అది. తొమ్మిదో రోజుకి జ్వరం, కడుపులో కుడివైపు బరువు, కళ్ళలో ఆ పాత పసుపు. కాళి ఒక్క చూపులో కనిపెట్టింది. ఇక్కడి డాక్టరు ఫోను మీద చెన్నై డాక్టరుతో మాట్లాడి, సూదులు పొడిచి, ఎలాగో నిలబెట్టి, చివరికి మంచం పక్కన కూర్చుని నెమ్మదిగా అన్నాడు, కిడ్నీకి మిషన్ ఉందమ్మా, లివర్‌కి మిషన్ లేదు. మీ తమ్ముడు ఇచ్చినదాన్ని మీ చేత్తో చంపకండి. ఆ మాటతో ఆమె మళ్ళీ ఎనిమిదింటి మనిషైపోయింది.

మీ తమ్ముడు ఇచ్చినది. ఇచ్చినవాడు ఏమయ్యాడో ఆ డాక్టరుకి తెలియదు. ఆరు నెలలు బరువెత్తొద్దన్నారు, వాడు నాలుగో నెలలో వల లాగాడు, కడుపు మీది కోత లోపల విడిపోయి పేగు బయటికి పొంగింది. మళ్ళీ కోసి లోపల వలలాంటి జాలీ వేసి కుట్టారు, అదీ రెండేళ్ళకి వదులైంది, ఇక సముద్రంలో బరువు పని వద్దన్నారు. పడవ వేరేవాళ్ళ చేతికి పోయింది. ఇప్పుడు ఒడ్డున షెడ్డు కింద కూర్చుని ఊరందరి వలల కన్నాలూ కుడతాడు. పడవలు తిరిగొచ్చే వేళకి మాత్రం లేచి ఇంట్లోకి వెళ్ళిపోతాడట, ఎందుకో ఎవరికీ చెప్పడు. మరదలు తవిటమ్మ ఎన్నడూ పల్లెత్తు మాట అనలేదు. కాసులమ్మ వెళితే చేప నడిముక్క ఆమె కంచంలోనే వేస్తుంది, నువ్వు బాగున్నావు గదా వదినా, అదే సాలు, అంటుంది. ఆ అదే సాలు అనేది చేపముల్లులా ఎక్కడో దిగబడి ఇన్నేళ్ళూ అక్కడే ఉంది, మింగితే పోదు, కక్కితే రాదు. తిట్టినా బాగుండేది. ఒక మనిషిని విరగదీసి ఆ ముక్కతో బతికింది తను, ఇప్పుడు ఆ బతుకు ఆగకుండా ఉండడానికి ఇంకో ముక్క కావాలి, అదీ కడుపున పుట్టినదాని నుంచి, ఆ తర్వాత ఎవరి నుంచి, ఎంతమందిని తిని బతుకుతుంది ఒక మనిషి, నలభై మూడేళ్ళ మనిషి, అంగన్‌వాడీలో పాతికమంది పిల్లలకి అ ఆ లు దిద్దించే మనిషి, అంతకన్నా ఏముంది తన దగ్గర. కాళికి రేపు పెళ్ళి, ఎల్లుండి కడుపు, ఒక్క కిడ్నీతో పురుడు, ఏమైనా అయితే, ఏమీ కాదంటారు, మల్లేశుకీ ఏమీ కాదనే అన్నారు. వద్దు. లేచి వెళ్ళిపోతే. అబర్డీన్ బజార్ దాకా ఆటో, అక్కడ బస్సెక్కితే మధ్యాహ్నానికి ఇల్లు. డయాలిసిస్ లేకపోతే ఎన్నాళ్ళని అడిగితే డాక్టరు వారాలు అన్నాడు, నెలలు అనలేదు. వారాలు చాలు. తలుపు గడియ పెట్టుకుని పడుకుంటే.

ఎప్పుడు లేచిందో తెలియలేదు. కాళ్ళు మెట్ల వైపు తీసుకుపోతాయనుకుంది, వరండా చివరికి తీసుకుపోయాయి. గొట్టం నుంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి. కుడి అరచెయ్యి పెట్టింది. చల్లగా. ఒక గుక్క. గొంతు లోపల ఏదో తలుపు తెరుచుకున్నట్టు, ఇంకో గుక్క, ఇంకోటి, ఎడమ చెయ్యి కూడా పెట్టింది, రెండు చేతులతో, జాకెట్టు తడిసి, ముక్కులోకి పోయి, దగ్గొచ్చి, మళ్ళీ తాగింది, కప్పు మీది నాచు వాసన, తుప్పు రుచి లేని నీళ్ళు, మూడు నెలల తర్వాత మొదటిసారి రుచి, ఇలా తాగి తాగి ఇక్కడే ఊపిరితిత్తుల్లోకి నీళ్ళెక్కి పడిపోతే ఎవరినీ ఏదీ అడగక్కర్లేదు, ఏడు దోసిళ్ళో ఎనిమిదో.

“అప్పా!”

మల్లేశు. గొడుగు మూయడం కూడా మర్చిపోయి నిలబడ్డాడు. కాళి ఫోను చేసి ఉంటుంది. వచ్చి చెయ్యి పట్టుకుని లాగేస్తాడనుకుంది, లాగలేదు. పక్కన నిలబడి ధార వైపు చూశాడు.

“ఎన్ని తాగినావు?”

“లెక్కెట్టనేదు.”

“బాగున్నాదా?”

“బాగున్నాదిరా.” అంటూనే ఆమెకి నవ్వొచ్చింది, వాడికీ వచ్చింది, నవ్వేటప్పుడు వాడి చెయ్యి దానంతటదే కడుపు కుడివైపుకి వెళ్ళి అదిమి పట్టుకుంది. ఆ చెయ్యి చూడగానే ఆమె నవ్వు ఆగిపోయింది. వరండా గట్టు మీద ఇద్దరూ కూర్చున్నారు. తుంపర కాళ్ళ మీద పడుతోంది. హార్బరు వైపు నుంచి ఏదో ఓడ కూత వేసింది. గణేశ్వరరావు ఓడ కాదు, అది రావడానికి ఇంకా నాలుగు రోజులు. పన్నెండేళ్ళుగా ఒక్క ప్రశ్న ఆమె నాలుక చివరి దాకా వచ్చి వెనక్కి పోతోంది, రాఖీలప్పుడు, అమ్మ దినాలప్పుడు, వాడి రెండో ఆపరేషనప్పుడు. ఇప్పుడు పోనివ్వదలచుకోలేదు.

“మల్లేసూ, ఒకటి అడుగుతాను, నిజం సెప్పు. అబద్ధమాడితే నాకు తెలిసిపోద్ది. ఎందుకిచ్చినానురా బాబూ అని ఎప్పుడైనా అనిపించినాదా?”

వాడు వెంటనే లేదనలేదు. లేదనడానికి పట్టే సమయం దాటిపోయింది.

“అనిపించినాది,” అన్నాడు. “శానాసార్లు.”

వాన.

“ఇచ్చినందుకు గాదప్పా. నొప్పికీ గాదు, పడవ పోయినందుకూ గాదు, అయ్యన్నీ ఉన్నాయిలే, నేవని అనను. నన్నెవులూ అడగనేదు. డాక్టరడిగినాడు, ఇష్టమేనా, సంతకమెట్టు అని. గుమ్మం బయట అమ్మ నా కాళ్ళు పట్టుకోడానికి సిద్ధంగా నిలబడున్నాది. బావ గోడకేసి తల కొట్టుకుంటన్నాడు. నువ్వు లోపల పసుపుముద్దలాగ పడున్నావు. ఇష్టం నేదని ఏ నోటితో అంటాను? ఇష్టమే నాకు. కానీ ఇష్టం నేదనడానికి సందు నేదు. ఆ సందుంటే, నాను ఇచ్చినానని ఉండేది నాకు. ఇప్పుడు తీసుకున్నారని ఉన్నాది.”

“మరి ఇన్నేళ్ళూ అననేదేటి?”

“అంటే నువ్వు బతుకుతావా?”

పన్నెండేళ్ళుగా వాడు తన కోపాన్ని కూడా అక్కకి పెట్టే తిండిలో కలిపి ఇస్తూ వచ్చాడని, తను అది కూడా తినే బతికిందని, ఇంకేం మిగిలింది తీసుకోవడానికి అని, ఏడుపు రావాలి గాని రాలేదు, కళ్ళు ఎండిపోయి మండాయి. వాడు పంచె చెంగుతో ఆమె మొహం మీది వాననీళ్ళు తుడిచాడు, అక్కకి తుడిచినట్టు కాదు, చిన్నపిల్లకి తుడిచినట్టు. నిజం చెప్పినందుకు వాడి మొహం కొంచెం తేలికపడినట్టుంది, లేదా ఆమెకి అలా కనిపించింది.

కాళి మెట్లెక్కి వచ్చింది. చంకలో ఫైలు, చేతిలో ఇంకో కాగితాల బొత్తి. తల్లి జాకెట్టు తడిసి ఉండడం చూసింది, మామ మొహం చూసింది. “మమ్మీ, చెన్నైకి పంపే ఫారం ఇది. నీ సైన్ ఇక్కడ, నాది ఇక్కడ. నాది చేసేసినాను,” అంది, పెన్ను మూత తీస్తూ. పెన్ను పట్టుకున్న చేతిలో ఎముకలు తెల్లగా పొడుచుకొచ్చి కనిపించాయి. ఎనిమిదేళ్ళప్పుడు, తను చెన్నై నుంచి ఫోను చేస్తే, అమ్మా ఎప్పుడొస్తావని అడగకుండా, అమ్మా నేను అన్నం తిన్నాను అని మాత్రమే చెప్పిన పిల్ల. ఎవరు నేర్పారు దీనికి అంత చిన్నప్పుడే అలా మాట్లాడడం.

కాసులమ్మ ఆ కాగితాలు తీసుకుంది. పైది చూసింది. ఇంగ్లీషు అక్షరాల కింద కూతురి సంతకం, హిందీలో, గుండ్రంగా. దాన్ని మడిచింది, ఇంకోసారి మడిచింది, తన సంచిలో మాత్రల డబ్బా కింద పెట్టింది.

“కాళీ, ఇలా కూకో. నా మాట విను. ఇవాళ నాను లోపలికి ఎళ్తాను, సూదులేయించుకుంటాను. ఈ మిషను మీద ఏళ్ళ తరబడి బతికినోళ్ళున్నారు. ఈ కాగితం నా దగ్గరే ఉంటాది. ఏడాది దీని మాట నువ్వెత్తకు, నానెత్తను. ఏడాదయినాక నానే అడుగుతాను. ఇంట్లో ఎవులూ ఉండని ఏళ సూసి అడుగుతాను. అప్పుడు ఇస్తానంటే ఇద్దువుగాని. ఒద్దంటే ఒద్దే, మీ నాన్న గాని, మామ గాని, నాను గాని మళ్ళీ అడగం. ఒద్దన్నా నువ్వు నా కూతురివే. అన్నం ఒండి పెడతాను, తలకి నూనె రాస్తాను. ఏటీ తేడా ఉండదు. అర్థమయినాదా?”

అర్థమైందని ఆ పిల్ల తలాడించలేదు. వద్దు మమ్మీ, అని పెదవి కదిలింది, కదిలి ఆగిపోయింది. తర్వాత భుజాలు కిందికి దిగాయి. అంతే. పొద్దుటి నుంచీ, కాదు, ఎన్ని వారాల నుంచో బిగబట్టి మోస్తున్నదేదో ఒక్కసారిగా వదిలేసినట్టు భుజాలు దిగి, మెడ వంగి, గుండెల్లోంచి పెద్ద ఊపిరి బయటికొచ్చింది, దానితోపాటు ఏడుపూ వచ్చింది. “ముఝే బహుత్ డర్ లగా, మమ్మీ,” అంది. అని, మామ భుజం మీద మొహం దాచుకుంది, తల్లి భుజం మీద కాదు.

భయం. బస్సులో అంత గట్టిగా చెప్పిన మాట వెనక అంత భయం. చూశావా, మంచి పని చేశావు, అనుకుంది కాసులమ్మ. నిజంగానే అనుకుంది. అయితే ఆ ఊపిరి ఆ పిల్ల గుండెల్లోంచి బయటికొచ్చిన క్షణంలో తన లోపల ఇంకెవరో కూలబడిపోవడం కూడా ఆమెకి తెలిసింది. వద్దు, ఏడాది లేదు, ఇప్పుడే ఇస్తాను, అని కూతురు పట్టుబడుతుందని, కాగితం సంచిలోంచి లాక్కుంటుందని, ఎదురుచూస్తూ ఒక మనిషి కూర్చుని ఉంది లోపల. ఇన్ని నెలలూ ఉంది. వద్దు వద్దు అని తను అంటున్నంతసేపూ, వెళ్ళిపోతాను, చచ్చిపోతాను అనుకుంటున్నంతసేపూ, చివరికి గొట్టం కింద దోసిలి పట్టినప్పుడు కూడా, ఆ మనిషి కూతురి కిడ్నీ వైపు చెయ్యి చాచుకునే ఉంది. బతకాలని ఉంది దానికి. సిగ్గు లేకుండా, ఎవరేమైపోయినా బతకాలని ఉంది.

తలుపు తెరుచుకుంది. మూడో మంచం మీది ముసలాయన మోచేతి దగ్గర దూది అదిమి పట్టుకుని, మనవరాలి మీద వాలి, నేలని నమ్మలేనట్టు ఒక్కొక్క అడుగే వేస్తూ బయటికొచ్చాడు. కాసులమ్మ అని లోపల నుంచి పిలిచారు. ఆమె లేచింది. గుమ్మం పక్కనే బరువు చూసే మిషన్, ఎక్కమన్నారు, ఎక్కింది. నర్సు అంకె చూసి, పాత కాగితం చూసి, కళ్ళు పెద్దవి చేసింది.

“దీదీ, ఇంత పానీ ఎప్పుడు తాగినావు?”

“ఇప్పుడే,” అంది కాసులమ్మ.

“తాగకూడదని చెప్పలేదా ఎవరూ? ఇదంతా లాగాలంటే కండరాలు పట్టేస్తాయి, చాలా నొప్పి పుడుతుంది.”

“లాగండి,” అంది ఆమె, మంచం ఎక్కి చెయ్యి చాపుతూ. సూది గుచ్చేటప్పుడు మొహం అటు తిప్పుకోమన్నారు. తిప్పుకోలేదు.